ఫిరంగికి బలం కూర్చిన రాడ్మన్

ఫిరంగి పగిలితే శత్రువుకంటె ముందు దానిని పేల్చినవాడే బలియవుతాడు. ఈ సత్యాన్ని జీవితాంతం మరువని శాస్త్రజ్ఞుడు థామస్ జాక్సన్ రాడ్మన్.

ఆయన అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, సేలం సమీపాన జన్మించినాడు. 1841లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో పట్టం పొంది, ఆయుధశాఖలో చేరినాడు.

1844 ఫిబ్రవరి 28న పోటోమాక్ నదిపై ప్రిన్స్‌టన్ అనే యుద్ధనౌకలో ఒక వేడుక జరిగినది. అధ్యక్షుడు టైలరు, మంత్రులు చూడవచ్చినారు. 'శాంతిదాత' అని పేరుపెట్టిన పెద్ద ఫిరంగి పేల్చగానే పగిలి, విదేశాంగమంత్రి అప్షర్, నౌకాదళమంత్రి గిల్మర్ మొదలైన ఆరుగురు మరణించినారు. అడుగు అంతస్తులో ఉండడంవలన అధ్యక్షుడు బ్రతికినాడు.

ఆ ఫిరంగి చేత ఇనుముతో చేసినది. పోత ఇనుప ఫిరంగులు సైతం పగులుతూనే ఉండేవి. రాడ్మన్ వాటి లోపాన్ని అన్వేషించినాడు. కడ్డీగా పోత పోసి తొలిచిన ఫిరంగిలో పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలి లోహం తరువాత కుదించుకొంటూ బయటికి లాగబడుతుంది. అంటే మందు పేలకముందే లోపలిభాగం బిగువుకు లోనై ఉంటుంది. ఆయన ఈ క్రమాన్ని తలక్రిందులు చేసినాడు. నడుమ బోలుగా పోత పోసి, అందులో నీరు ప్రవహింపజేసినాడు. లోపలి లోహం ముందు గట్టిపడగా, వెలుపలి పొరలు తరువాత కుదించుకొని దానిని బిగించినవి. కమ్మరి ఎర్రగా కాల్చి తొడిగిన పట్టా చల్లారి బండిచక్రాన్ని బిగించేది ఇట్లే గదా!

పై అధికారులు మొదట ఆదరించలేదు. 1847లో ఆయన పేటెంటు పొంది, పిట్స్‌బర్గులోని ఒక పోతశాల సాయంతో ప్రయోగాలు సాగించినాడు. 1849లో ఒకే ఇనుముతో రెండు పద్ధతుల ఫిరంగులు పోసి పరీక్షింపగా, పాతరకం 85వ పేలుపుకు, క్రొత్తది 251వ పేలుపుకు పగిలినవి.

బలం పెంచితే చాలదు. లోపల పుట్టే ఒత్తిడి ఎంతో తెలియాలి. అందుకు ఫిరంగి గోడలో రంధ్రం చేసి ఒక ముషలకం అమర్చినాడు. పేలుడు వాయువు దానిని నెట్టగా, దాని కత్తి అంచు రాగిబిళ్లపై గంటు పెట్టేది. అంతే గంటు పెట్టడానికి ఎంత బరువు కావాలో యంత్రంపై చూచి, ఒత్తిడిని లెక్కించేవాడు. మెల్లగా మండే పెద్ద గుళికల మందు, రంధ్రాల మందు కూడ ఆయన కృషిఫలాలే. 1861 నాటికి 15 అంగుళాల ఫిరంగి సిద్ధమైనది. 1871లో రాక్ ఐలండ్ ఆయుధాగారంలో రాడ్మన్ కన్నుమూసినాడు.

తరువాత ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్ చిన్న రాగిస్తంభాన్ని నలిపి కొలిచే పద్ధతి తెచ్చినాడు. ఇరవయ్యవ శతాబ్దంలో తుపాకి తూటాల ఒత్తిడినీ రాగితోనే కొలిచినారు. తూటా ఇత్తడి తొడుగు వాయువును బయటికి పోనీయకుండ ఆపుతుంది. ఒత్తిడిని ప్రధానంగా భరించేది దానిచుట్టూ ఉన్న ఉక్కు. కాల్చిన తొడుగును కుదించి మరొక తుపాకికి మలచినప్పుడు గోడ మందమై లోపలి చోటు తగ్గవచ్చును. అప్పుడు అదే తూకం మందు ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. మందమైన గోడను చూచి బలం పెరిగినదని మురియడం ప్రాణాపాయం. పైరూపాన్ని నమ్మక కొలతను నమ్మడమే రాడ్మన్ జీవితం నేర్పే పాఠం.