యల్లాప్రగడ సుబ్బారావు: దారి దొరకిన తీరు

భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావునకు బాల్యమున చదువు రుచింపలేదు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, ఇంట లేమి. పదమూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు ఒక తోడును వెంటబెట్టుకొని కాశీకి బయలుదేరెను. అచ్చట యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునని వాని ఊహ. తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పెను. ఇట్టివాని పేరు ఏ ఉపాధ్యాయుని పుస్తకమునందైనను ఎఱ్ఱసిరా గీత క్రిందనే యుండును గదా! తండ్రి పోయిన పిదప తల్లి నగలమ్మి చదివించెను. మదరాసు హిందూ హైస్కూలునుండి మూడవమారు కృతార్థుడయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా వాని మనసు పూర్తిగా మారెను. ధనము కోరి పరుగెత్తినవాడు ఇపుడు సర్వము విడిచి రామకృష్ణ మఠమున సన్న్యసింపదలచెను. తల్లి అనుమతింపలేదు. మఠమువారును తొందరపడక, వైద్యము నేర్చినచో తమ ఆసుపత్రులలో సేవ చేయవచ్చునని సూచించిరి. విరాగియగు యువకుని చేర్చుకొనుట వారికి సులభమే. వానిలోని సేవాకాంక్షను గుర్తించి, దానికి తగిన పని చూపుట అంత సులభము కాదు.

వైద్యకళాశాలలో మామగారి ధనసహాయము లభించెను. గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము దొరకక, మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించెను. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట తగిలెను. ఇద్దరు సోదరులు ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. వారిలో పురుషోత్తం స్ప్రూ అను గ్రహణీవ్యాధికి బలియయ్యెను. తెలిసిన మందులు ఇచ్చుటతో తృప్తిపడక, తెలియని మందులను వెదకవలెనను పట్టుదల సుబ్బారావునకు కలిగెను.

1920 తరువాతి తొలి యేండ్లలో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు హార్వర్డులో చదివెను. కండరముల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను ఫిస్కేతో కలిసి వెల్లడించెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయెను. బోదకాలునకు హెట్రజాన్, పెక్కు అంటురోగములకు ఆరియోమైసిన్ అతని పర్యవేక్షణలో వెలువడినవి.

ఈ కృషికి వెల చెల్లించినది అతడొక్కడే కాదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే మరణించువరకు స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరిని మరల చూడలేదు; కుమారుడు తండ్రి కంటబడకుండగనే శైశవమున మరణించెను. కీర్తి చెప్పువారు ఈ సంగతి దాటవేయుట న్యాయము కాదు.

స్ప్రూ రోగులకు రక్తము పట్టించు ఫోలిక్ ఆమ్లమును అతని బృందము 1945లో తయారుచేసెను. పురుషోత్తం మరణించి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి.