గ్లెన్ గూల్డ్

గ్లెన్ గూల్డ్ (సెప్టెంబర్ 25, 1932 - అక్టోబర్ 4, 1982) కెనడా దేశానికి చెందిన సుప్రసిద్ధ పియానో విద్వాంసుడు. జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలను వాయించడంలో ఇరవయ్యవ శతాబ్దపు అగ్రగణ్యులలో ఒకడు. మంచి పేరుప్రఖ్యాతులు ఉన్న రోజులలో, 31 ఏళ్ళ వయసులోనే, ప్రేక్షకుల ఎదుట కచేరీలు చేయడం శాశ్వతంగా మానివేశాడు. సంగీతకారుల సభాకంపాన్ని కొలవడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఈయన జీవితం మంచి ఉదాహరణ.

బాల్యం, విద్యాభ్యాసం

గూల్డ్ టొరంటో నగరంలో జన్మించాడు. తల్లి ఫ్లోరెన్స్ తొలి గురువు. తరువాత ఆల్బెర్టో గెరెరో వద్ద శిక్షణ పొందాడు. తండ్రి తయారు చేసి ఇచ్చిన, నేల నుండి సుమారు 14 అంగుళాల ఎత్తు మాత్రమే ఉన్న కుర్చీని జీవితాంతం వదలలేదు. ఏ దేశం వెళ్ళినా అది వెంట ఉండవలసిందే.

కచేరీలు

1955 జనవరిలో వాషింగ్టన్, న్యూయార్క్ నగరాలలో ఇచ్చిన కచేరీలతో అమెరికాలో ఈయన పేరు వినబడింది. అదే సంవత్సరం జూన్‌లో కొలంబియా సంస్థ కొరకు బాఖ్ రచించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను రికార్డు చేశాడు. 1956లో విడుదలైన ఆ రికార్డు ప్రపంచ ఖ్యాతి తెచ్చిపెట్టింది. 1957లో సోవియట్ యూనియన్‌లో పర్యటించాడు. మాస్కోలో తొలి కచేరీ సగం ఖాళీగా ఉన్న హాలులో మొదలైంది. విరామ సమయంలో శ్రోతలు తమ మిత్రులకు కబురు చేయగా, రెండవ భాగానికి హాలు నిండిపోయింది.

ఇంతటి ఆదరణ లభించినా గూల్డ్‌కు వేదిక సుఖంగా ఉండేది కాదు. వాయించే ముందు చేతులను చాలాసేపు వేడినీటిలో ఉంచేవాడు. వేసవిలో సైతం ఓవర్‌కోటు, చేతితొడుగులు ధరించేవాడు. ఆందోళన తగ్గించే మందులు వాడేవాడు. అనారోగ్యం కారణంగా అనేక కచేరీలు రద్దు చేసుకున్నాడు. ఇవన్నీ సభాకంపమేనని తేల్చి చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆయన చెప్పిన కారణాలు వేరు. ఒకసారి వాయించినదానిని దిద్దుకొనే అవకాశం కచేరీలో లేదనీ, ప్రేక్షక సమూహం కళాకారుని తప్పు కోసం ఎదురు చూస్తుందనీ ఆయన భావించాడు. చప్పట్లను నిషేధించాలని వాదిస్తూ 1962లో ఒక వ్యాసం కూడా వ్రాశాడు.

1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెల్స్‌లో బాఖ్, బీతోవెన్, హిండెమిత్‌ల రచనలు వాయించాడు. అదే చివరి కచేరీ అని శ్రోతలకు ఎవరికీ తెలియదు. ఆ తరువాత రికార్డింగులకు, రేడియో, టెలివిజన్ కార్యక్రమాలకు పరిమితమయ్యాడు.

సభాకంపాన్ని కొలవడం

1970లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పీల్‌బెర్గర్, ఆయన సహచరులు ఆందోళనను కొలిచే 40 ప్రశ్నల పట్టికను ప్రకటించారు. ఇందులో 20 ప్రశ్నలు ఆ క్షణంలో కలిగే ఆందోళనకు, మిగిలిన 20 మనిషి స్వభావంలో స్థిరంగా ఉండే ఆందోళనకు సంబంధించినవి. 1977లో లండన్‌లో 24 మంది తంత్రీవాద్యకారులపై జరిగిన పరిశోధనలో, గుండె వేగాన్ని అదుపు చేసే ఆక్స్‌ప్రెనొలాల్ అనే మందు సభాకంపంపై ఎలా పనిచేస్తుందో పరిశీలించారు. సంగీతకారుల కోసమే డయానా కెన్నీ రూపొందించిన పట్టిక 2004లో, అంటే గూల్డ్ మరణించిన 22 ఏళ్ళకు, 26 ప్రశ్నలతో వెలువడింది. తరువాత అది 40 ప్రశ్నలకు పెరిగింది.

స్పీల్‌బెర్గర్ చేసిన విభజన గూల్డ్ విషయంలో చాలా ముఖ్యమైనది. వేదికను వదిలిన తరువాత ఆ క్షణపు ఆందోళనకు కారణం తొలగిపోయింది. కానీ స్వభావంలోని ఆందోళన తగ్గలేదు, మరో దారి పట్టింది.

రక్తపోటు లెక్కలు

1970వ దశకం చివరలో గూల్డ్ చేతివేళ్ళ పట్టు తప్పినట్లు భావించి, తన చేతుల కదలికలను గురించి వివరంగా డైరీ వ్రాశాడు. అధిక రక్తపోటుకు చికిత్స మొదలయ్యాక, రక్తపోటును స్వయంగా ఒకే రోజు పలుమార్లు కొలుచుకొని, సమయంతో సహా కాగితాలపై నమోదు చేసేవాడు. ఒక వైద్యుడు ఇచ్చిన మందులను మరొకరికి చెప్పకుండా పలువురిని సంప్రదించేవాడు. రక్తపోటు అంకె పెరిగిందని ఆ కాగితం చెబుతుంది. పెరగడానికి కారణం వ్యాధియా, భయమా, మందులా, లేక మాటిమాటికి కొలుచుకోవడం వలన కలిగే కలవరమా అన్నది మాత్రం చెప్పదు.

1957 నుండి ఈయనకు మిత్రుడైన మానసిక వైద్యుడు పీటర్ ఆస్ట్‌వాల్డ్ స్వయంగా వయొలిన్ వాద్యకారుడు. కళాకారుల ఆరోగ్య సమస్యలపై శాన్ ఫ్రాన్సిస్కోలో పనిచేశాడు. ఆయన వ్రాసిన గూల్డ్ జీవితచరిత్ర 1997లో ప్రచురితమైంది.

చివరి సంవత్సరాలు

1981లో గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను గూల్డ్ మళ్ళీ రికార్డు చేశాడు. మొదటి రికార్డు నిడివి సుమారు 38 నిమిషాలు కాగా, ఇది 51 నిమిషాలు. 50వ పుట్టినరోజు జరిగిన రెండు రోజులకు, 1982 సెప్టెంబర్ 27న పక్షవాతానికి గురై, అక్టోబర్ 4న టొరంటోలో మరణించాడు. ఆయన తరచుగా బాధపడిన అనేక శరీరభాగాలలో శవపరీక్షలో చెప్పుకోదగిన లోపాలేవీ కనబడలేదు. గూల్డ్ స్వంత పత్రాలు ఒట్టావాలోని కెనడా జాతీయ గ్రంథాలయానికి చేరాయి.