ప్రవరుని నుండి కీచకుని దాక

నాయకుని గొప్పతనమును కొలుచుటకు ప్రతినాయకుని కంటె మంచి కొలబద్ద లేదు. శత్రువు వంశమును, పరాక్రమమును, విద్యను ముందుగా వర్ణించి, అట్టివానిని జయించినట్లు చెప్పినపుడే నాయకుని ఉత్కర్ష రాణించునని దండి తన కావ్యాదర్శములో ప్రతిపాదించినాడు. రావణుడు అల్పుడైనచో రామాయణమునకు అంతటి గౌరవము లేదు. పండితులు తరగతి గదిలో చెప్పు ఈ సూత్రమును వెండితెరపై సామాన్య ప్రేక్షకునికి సైతము బోధపరచిన నటుడు సామర్ల వెంకట రంగారావు.

రంగారావుగారు 1918 జూలై 3వ తేదీన కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించినారు. తండ్రి ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. ఆయనకు తరచు బదిలీలు జరుగుచుండుట వలన బాలుని పెంపకము నాయనమ్మ మీద పడినది. మద్రాసులో చదువుకొను రోజులలోనే రంగస్థలము ఆయనను ఆకర్షించినది. తరువాత కాకినాడలో చదువుచు యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు ప్రదర్శించిన నాటకములలో వేషములు ధరించి పేరు గడించినారు. షేక్‌స్పియరు పాత్రలను కూడ అభ్యసించినారు. స్పష్టమైన ఉచ్చారణ, మాటకు మాటకు నడుమ మౌనమును వాడుకొను నేర్పు ఆయనకు ఈ రంగస్థలము పెట్టిన భిక్ష. చదువు ముగిసిన పిదప అగ్నిమాపక శాఖలో అధికారిగా చేరి బందరులోను, విజయనగరములోను పనిచేసినారు.

1947లో విడుదలైన వరూధిని చిత్రము కొరకు ఆ ఉద్యోగమును వదలుకొన్నారు. అందులో ఆయనది ప్రవరుని పాత్ర. పెద్దన సృష్టించిన ఆ నిగ్రహమూర్తిగా, కథానాయకునిగా ఆయన తెరపై తొలిసారి కనిపించినారు. చిత్రము అపజయము పొందినది. చేతిలో ఉద్యోగము లేదు, మరొక వేషమునకు పిలుపు లేదు. జీవనోపాధికై జంషెడ్‌పూరు వెళ్లి టాటా కర్మాగారములో ఉద్యోగమునకు కుదురుకొన్నారు. ఎందరో నటుల కథ ఇక్కడితో ముగిసిపోయినది. రంగారావుగారు మాత్రము చిన్న వేషములకైనను వెనుదీయక మద్రాసు తిరిగి వచ్చినారు. 1950లో విజయా వారి షావుకారు చిత్రములో సున్నపు రంగడను రౌడీగా నటించి, ప్రేక్షకుల దృష్టి తనపై నిలుపుకొన్నారు.

మరుసటి సంవత్సరము, 1951లో, కె. వి. రెడ్డి దర్శకత్వమున పాతాళ భైరవి వెలువడినది. పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతము, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము దానికి అమరినవి. ఉజ్జయినిలో తోటమాలి కొడుకైన రాముడు రాజకుమార్తెను ప్రేమించును. వీరుడైన యువకుని బలి యిచ్చినచో కోరిన కోర్కెలు తీర్చు ప్రతిమ లభించునని తెలిసిన నేపాళ మాంత్రికుడు అట్టి యువకునికై వెదకుచుండును. రామునిగా యువకుడైన నందమూరి తారక రామారావు, మాంత్రికునిగా ముప్పది మూడేండ్లయినను నిండని రంగారావుగారు నటించినారు.

ఈ మాంత్రికుని పాత్రలోని రహస్యము గమనింపదగినది. అతనికి విద్య ఉన్నది, ఉపాసన ఉన్నది, ఓర్పు ఉన్నది. కావలసిన సాహసము మాత్రము తనది కాక ఇతరునిది కావలయును. కనుక వీరుని వెదకి, ప్రోత్సహించి, పరీక్షించి, అపాయములు దాటించి తీసుకొనిపోవును. తాను ఎంచి తెచ్చిన సాహసమే తుదకు తనపై కత్తి యెత్తును. రంగారావుగారు ఈ పాత్రలో కేకలకు, కనుగ్రుడ్లు తిప్పుటకు పరిమితము కాలేదు. దేవి యెదుట భక్తుడు, శిష్యుడు సదాజపుని యెదుట కొంత హాస్యగాడు, రాముని యెదుట లాలించు గురువు. ఇన్ని వన్నెలు కలియుట చేతనే ఆ కపటము నమ్మదగినట్లు తోచును. 1952లో మన దేశమున జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో ఈ చిత్రము ప్రదర్శింపబడినది. తోటరాముని కీర్తిలో సగము పాలు అతని శత్రువుదే.

భయపెట్టుట ఒక్కటే తెలిసినవారు కారు రంగారావుగారు. 1957లో మాయాబజారు చిత్రమున ఆయన ఘటోత్కచుడు రాక్షసుడై యుండియు పిల్లలకు ప్రియబంధువైనాడు. బి. ఎన్. రెడ్డి బంగారు పాపలో కరడుగట్టిన కోటయ్య ఒక పసిబిడ్డ వలన కరగిపోవుట చూచి ప్రేక్షకులు కంట తడి పెట్టినారు.

1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున నర్తనశాల వచ్చినది. తిక్కన విరాటపర్వమున చదువుకొన్న కీచకుడు అందులో కదలాడినాడు. ఆ నడకలో బలగర్వము, చూపులో కామము, ఆ రెంటి నడుమ తన చావును తాను ఎరుగని అమాయకత్వము. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవము ఆయనను ఉత్తమ నటునిగా సన్మానించినది. నాయకుని వేషమును కాక ప్రతినాయకుని వేషమును పరదేశమువారు శిరసున పెట్టుకొన్నారు. ఇటువంటి గౌరవము పాశ్చాత్య దేశములలోను అరుదు. అతిమానుష వీరుని కథయైన ది డార్క్ నైట్ చిత్రములో జోకరుగా నటించిన హీత్ లెడ్జరునకు మరణానంతరము 2009లో ఆస్కారు లభించినపుడు లోకము విశేషముగా చెప్పుకొన్నది. తెలుగు నటునికి అట్టి గుర్తింపు అంతకు నలుబది యైదేండ్ల ముందే దక్కినది.

దర్శకునిగా కూడ చదరంగము, బాంధవ్యాలు అను రెండు చిత్రములను రూపొందించి నంది బహుమతులు పొందినారు. పద్మ పురస్కారము మాత్రము ఆయనకు లభింపలేదు. 1974 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఆయనకు గుండెపోటు వచ్చినది. పాతబస్తీకి ఎదురుగా, మూసీ ఒడ్డున నున్న ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకొన్నట్లే కోలుకొన్నారు. అదే సంవత్సరము జూలై 18వ తేదీన మద్రాసులో కన్నుమూసినారు. వయస్సు 56 సంవత్సరములు. ఆయన కంసునిగా నటించిన యశోద కృష్ణ ఆ పిమ్మట 1975లో విడుదలైనది. 2013లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించినది.

వలపు వలలో చిక్కని ప్రవరునితో తెర మీద ఆరంభమైన జీవితము, ఆ వలపు చేతనే నశించిన కీచకునితో శిఖరము చేరినది. ఇద్దరును విద్యార్థులకు పాఠ్యగ్రంథములలో పరిచితులే. నిగ్రహమునకు ఒకడు, పతనమునకు ఒకడు ఉదాహరణము. ఆ రెండు ఉదాహరణములకును ఒకే శరీరము రూపమిచ్చినది.