ఓ. విన్‌స్టన్ లింక్

ఓగిల్ విన్‌స్టన్ లింక్ (డిసెంబరు 16, 1914 - జనవరి 30, 2001) సుప్రసిద్ధ అమెరికన్ ఛాయాచిత్రకారుడు. అమెరికాలో ఆవిరి రైళ్ళ శకం ముగుస్తున్న రోజులలో, కెమెరాకు దూరంగా అమర్చిన అనేక ఫ్లాష్ బల్బులను ఒకేసారి వెలిగించి, రాత్రివేళ పరుగెత్తే రైళ్ళను చిత్రించాడు.

తొలి జీవితం

లింక్ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. బ్రూక్లిన్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ నుండి 1937లో సివిల్ ఇంజనీరింగు పట్టా పొందాడు. అయినా ఆ వృత్తి చేపట్టక, ఒక ప్రజాసంబంధాల సంస్థలో ఛాయాచిత్రకారుడిగా చేరాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, విమానాల నుండి జలాంతర్గాములను కనుగొనే పరికరాలపై జరిగిన పరిశోధనలలో పాల్గొన్నాడు. 1946లో న్యూయార్క్‌లో సొంత స్టూడియో ప్రారంభించాడు.

రైళ్ళ చిత్రాలు

1955 జనవరిలో వ్యాపార ప్రకటనల పనిమీద వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్‌కు వెళ్ళినపుడు, సమీపంలోని వేన్స్‌బరోలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆవిరి రైళ్ళను చూశాడు. జనవరి 21 రాత్రి అక్కడే తొలి చిత్రం తీశాడు. దేశంలోని ఇతర పెద్ద రైల్వేలు అప్పటికే చాలావరకు డీజిల్‌కు మారాయి. ఇది కూడా మారడం తప్పదని గ్రహించి, రైల్వే అనుమతితో, సొంత ఖర్చుతో 1960 వరకు సుమారు 20 సార్లు పర్యటించి, రెండు వేలకు పైగా నెగటివులు తీశాడు. రైళ్ళతో పాటు రైల్వే కార్మికులకు, పట్టాల పక్కన నివసించే ప్రజలకు కూడా వీటిలో చోటు దక్కింది. ఆవిరి ఇంజన్ల ధ్వనులను రికార్డు చేసి గ్రామఫోను రికార్డులుగా కూడా విడుదల చేశాడు.

కాంతి విధానం

పగటివేళ సూర్యుని స్థానం ఛాయాచిత్రకారుని అదుపులో ఉండదు. రాత్రివేళ ఏది కనబడాలో, ఏది మరుగున ఉండాలో అతడే నిర్ణయించవచ్చు. అందువలన లింక్ రాత్రినే ఎంచుకున్నాడు. పక్కల నుండి పడే కాంతిలో నల్లని ఇంజను ఆకారం స్పష్టమై, ఆవిరి తెల్లగా మెరుస్తుంది.

బల్బులన్నిటినీ పొడవాటి తీగలతో శ్రేణిలో కలిపి, కెమెరా షట్టరుతో పాటు వెలిగే విద్యుత్ పరికరాన్ని తానే రూపొందించాడు. శ్రేణిలో తీగ ఎక్కడ తెగినా ఒక్క బల్బు కూడా వెలగదు. ఒక్కొక్క బల్బు ఒకేసారి పనిచేస్తుంది. కనుక గంటల తరబడి చేసిన ఏర్పాట్ల ఫలితం, రైలు ఎదుటికి వచ్చిన ఆ ఒక్క క్షణంపై ఆధారపడి ఉండేది.

ఇతని చిత్రాలలో మిక్కిలి ప్రసిద్ధమైన "హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్"ను 1956 ఆగస్టు 2న, పశ్చిమ వర్జీనియాలోని యేగర్ వద్ద ఒక ఆరుబయలు సినిమా ప్రాంగణంలో తీశాడు. దీనికి 43 బల్బులు వాడాడు. వాటి వెలుగుకు తెరపై బొమ్మ కనబడకుండా పోవడంతో, తెరపైని విమానం బొమ్మను తరువాత ముద్రణలో చేర్చాడు.

చివరి దశ

1987లో "స్టీమ్, స్టీల్ అండ్ స్టార్స్" పుస్తకం వెలువడిన తరువాత ఈ చిత్రాలకు విస్తృతమైన గుర్తింపు లభించింది. లింక్ 2001లో గుండెపోటుతో మరణించాడు. 2004లో వర్జీనియాలోని రోనోక్‌లో, అదే రైల్వేకు చెందిన పాత ప్రయాణికుల స్టేషనులో ఇతని పేరిట ప్రదర్శనశాల ప్రారంభమైంది.