ఉన్నవ లక్ష్మీనారాయణ: మాచర్ల నుండి వేలూరు చెరసాలకు

‘మాలపల్లి’ చెరసాలలో పుట్టిన నవల యని బడిపిల్లలు సైతము చెప్పగలరు. బారిష్టరు పట్టము పొందిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఖైదీ అయినప్పుడు చట్టము ఆయనకు ఏ దారి చూపెననుట మాత్రము అంతగా ఎవరును తలచుకొనరు.

ఆయన 1877 డిసెంబరులో గుంటూరు మండలములోని వేములూరుపాడున జన్మించిరి. గుంటూరులో న్యాయవాదిగా ఉండి, భార్య లక్ష్మీబాయమ్మగారితో కలిసి వితంతు వివాహములకు పూనుకొని, బంధువుల ఆగ్రహమునకు గురియైరి. 1913లో డబ్లినుకు వెళ్ళి, 1916లో బారిష్టరై తిరిగివచ్చిరి. అవి ఐర్లండు ఉడికిపోవుచున్న సంవత్సరములు.

1921 నాటికి పల్నాటి రైతు బ్రతుకు అడవిచుట్టు తిరుగుచుండెను. పశువును మేపిన పుల్లరి కట్టవలెను. వంటచెరకు తెచ్చుకొన్న అపరాధము. సహాయనిరాకరణము మొదలు కాగా రైతులు పుల్లరి నిరాకరించిరి. వారి కష్టములు విచారించుటకు కాంగ్రెసు పక్షమున ఉన్నవవారును, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారును మాచర్ల వెళ్ళిరి. అధికారులు వారిని నిర్బంధించిరి. ఇద్దరికిని ఏడాది చెర.

బంధితుని న్యాయమూర్తి ఎదుటికి రప్పించి, ఏ చట్టము ననుసరించి బంధించితిరని అధికారిని నిలదీయు ఆజ్ఞ ఒకటి కలదు. దానినే హెబియస్ కార్పస్ అందురు. నేరము చేసెనా లేదా అని అది అడుగదు. బంధించిన వానికి ఆ అధికారము కలదా అనియే అడుగును. కాని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 491వ సెక్షను ప్రకారము మద్రాసు హైకోర్టు ఈ విధముగా ప్రశ్నింపగల హద్దు చెన్నపట్టణమే. మాచర్ల గాని, గురజాల గాని, వేలూరు గాని ఆ గీతకు వెలుపలివే. ఇంకొక విచిత్రము: అదే కోడులోని 456వ సెక్షను ప్రకారము, మొఫసలులో నిర్బంధింపబడినవాడు యూరోపియను బ్రిటిషు ప్రజ యైనచో హైకోర్టుకు మొరపెట్టుకొనవచ్చును. పల్నాటి రైతుకు లేని తలుపు దొరకు తెరచియుండెను!

అప్పీలు, రివిజను దారులు లేకపోలేదు. అవి శిక్షను గూర్చినవి. పైగా సహాయనిరాకరణమనగా ప్రభుత్వపు కోర్టులను విడిచిపెట్టుటయే గదా. తాను నేర్చిన విద్యను తనకొరకు వాడుకొనని బారిష్టరును వేలూరు చెరసాలకు పంపిరి.

అచ్చటనే ‘మాలపల్లి’ వ్రాసిరి. మాలవాడైన రామదాసును నాయకునిగా నిలిపి, అతని కుటుంబమును జైలుకు పంపి, గోడలలోపలి లోకమును లోపలినుండియే చూపిరి. జైలు ఘట్టములలో కనబడునది ఊహకాదు, అనుభవము. ఆయన చెరలో ఉండగనే, 1922 ఫిబ్రవరిలో, మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. హనుమంతుకు ఏ ఆజ్ఞయు అక్కరలేకపోయెను.

1922లో నవల అచ్చయినది. ప్రభుత్వము దానిని నిషేధించెను; మనిషిని విడిచి పుస్తకమును బంధించిరన్నమాట. 1928లో మార్పులతో అనుమతించి, 1936లో మరల నిషేధించిరి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపనే అది విముక్తి పొందెను. ఈలోగా 1922లోనే ఉన్నవ దంపతులు గుంటూరులో స్త్రీవిద్యకై శారదానికేతనమును నెలకొల్పిరి.

చట్టపు గీత 1923లో జరిగినది. జాతిభేదములను తగ్గించుటకై ఆ యేట చేసిన సవరణ 456వ సెక్షనులోని ప్రత్యేక హక్కును తీసివేసి, 491వ సెక్షను హద్దును హైకోర్టు అప్పీలు అధికారము ఎంతదూరము పోవునో అంతదూరము విస్తరింపజేసెను. ఉన్నవవారి శిక్షాకాలము అప్పటికే ముగిసినది.

1950లో రాజ్యాంగము 226వ అధికరణమున ఈ అధికారమును హైకోర్టులకు స్థిరపరచెను. 1954 జూలైలో ఆంధ్ర హైకోర్టు గుంటూరులోనే కొలువుతీరినది. మాచర్ల ఠాణాలో ఉంచినవానిని గూర్చి అడుగుటకు ఇక చెన్నపట్టణము పోనక్కరలేదు. రెండేండ్లకు ఆ కోర్టు హైదరాబాదు తరలినది. ఉన్నవవారు 1958 సెప్టెంబరులో కన్నుమూసిరి.