నాడి పట్టిన చేత్తోనే స్వరాలు రాసిన డాక్టర్ పినాకపాణి

క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే గురించి ఇక్కడి మన పిల్లలకు బాగానే తెలుసు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో 1970లో మొదలుపెట్టిన పరిశోధనను పాటల కోసం మధ్యలో ఆపేసి, మళ్ళీ అందుకుని 2007లో ఖగోళ భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. పుస్తకాలు కూడా రాశారు. మా బిషాన్‌లో పీఎస్‌ఎల్‌ఈ ఏడాది రాగానే పిల్లల పాట క్లాసు మానిపించాలా వద్దా అన్న చర్చ తల్లుల మధ్య తప్పకుండా వస్తుంది. ఎవరో ఒకరు ఈయన పేరెత్తుతారు. అదంతా వాళ్ళకు చెల్లుతుంది గానీ మనవాళ్ళలో అలాంటివారు ఎవరున్నారని ఇంకొకరు అంటారు.

ఉన్నారు. పైగా ఆయన శాస్త్రాన్నీ సంగీతాన్నీ ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఆపకుండా, రెండింటినీ ఒకేసారి నడిపారు. ఆయనే డాక్టర్ శ్రీపాద పినాకపాణి. గిటారు బదులు కర్ణాటక సంగీతం, నక్షత్రాల బదులు వైద్యం.

1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టారు. రాజమండ్రిలో మైసూరు నుంచి వచ్చిన బి.ఎస్. లక్ష్మణరావు గారి దగ్గర సంగీతానికి పునాది పడింది. విజయనగరం వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గరా కొంత నేర్చుకున్నారు. ఇంకోపక్క విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువు. 1938లో ఎంబీబీఎస్, 1945లో జనరల్ మెడిసిన్‌లో ఎండీ. ఆ రోజుల్లో ఎండీ అంటే మాటలు కాదు. మన దేశంలో పెన్సిలిన్ కూడా ఇంకా అందరికీ అందని కాలం. స్కానులు లేవు. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుళ్ళలో తేడాను చెవితో పట్టుకోవాలి. సైన్సు చదువుకున్న దాన్ని కాబట్టి నాకొక ఊహ. అంత నిశితంగా వినే అలవాటు వార్డులోనూ, పాటలోనూ ఆయనకు ఒకేలా పనికొచ్చి ఉంటుంది.

మద్రాసులో రంగరామానుజ అయ్యంగారి దగ్గర నేర్చుకోవడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. అయ్యంగారు వీణ ధనమ్మాళ్ శిష్యులు, కీర్తనలను స్వరపరచి పుస్తకాలుగా అచ్చువేసిన పండితులు. అక్కడ ఉన్నప్పుడు పినాకపాణి గారు ఆ కాలపు మహామహుల కచేరీలు విన్నారు. త్యాగరాజస్వామి రాసింది తెలుగులో, కానీ ఉన్నది తిరువయ్యారులో. అందుకే ఆ పాటను పాడే పద్ధతి శిష్యుల ద్వారా తంజావూరు చుట్టుపక్కల పెరిగింది. మాట మనది, నడక వాళ్ళ దగ్గర మిగిలింది. ఈ సంగతి మన అభిమానానికి కాస్త చురుక్కుమనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ చిన్నతనం పడలేదు. మంచి పాట ఎక్కడుంటే అక్కడ నేర్చుకుని ఇంటికి తెచ్చుకోవాలనుకున్నారు. తెచ్చుకున్నారు కూడా.

తేవడమంటే ఎలా? ఆయన ఉద్యోగం విశాఖలో, తర్వాత కర్నూలులో. గురువు ఎదురుగా పదేళ్ళు కూర్చునే వీలు లేదు. విన్నదాన్ని కాగితం మీద పెట్టుకోవాలి. కానీ మామూలు నొటేషన్ దానికి చాలదు. పిల్లలకు పాట నేర్పిస్తున్న అమ్మలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తోడి రాగంలో గాంధారం ఉందనుకోండి. పుస్తకంలో ఒక్క గ అక్షరం ఉంటుంది. కీబోర్డు మీద ఆ మెట్టు నొక్కితే తోడి రాదు. ఆ గ నిలబడి ఉండదు, కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడమే గమకం, ప్రాణమంతా అందులోనే ఉంది. ఎంత మేర ఊగాలి, తాళంలో ఏ క్షణంలో ఎటు వెళ్ళాలి అన్నది గురుముఖంగా తప్ప రాదని అందరూ నమ్మేవారు.

పినాకపాణి గారు దాన్ని రాయడానికి కూర్చున్నారు. ఒక్క అక్షరకాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ గ లోపల దాక్కున్న స్వరాలన్నిటినీ విడివిడిగా రాశారు. పెద్దగా కనిపించే స్వరం ఏది, అలా తాకి వెళ్ళే స్వరం ఏది అని చూపించారు. నాకిది మైక్రోస్కోపు కింద ఆకు ముక్క పెట్టి చూడటంలా తోస్తుంది. అప్పటిదాకా పచ్చగా ఉన్నదంతా ఒక్కసారి గదులు గదులుగా విడిపోతుంది. దీనివల్ల గురువు అవసరం తీరిపోతుందని కాదు. నేర్చుకున్నది చెదిరిపోకుండా పట్టుకోవడానికి చేతికి ఒక కర్ర దొరికింది.

ఆ పనే నాలుగు సంపుటాల సంగీత సౌరభం అయింది. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించింది. వందల కీర్తనలు తెలుగు లిపిలో, గమకాలతో సహా ఉన్నాయి. రాగాలాపన, నెరవు, స్వరకల్పన గురించి మనోధర్మ సంగీతం అని ఇంకో పుస్తకం రాశారు. తన సంగీత ప్రయాణాన్నీ ఆత్మకథగా రాసుకున్నారు.

ఇంతా చేసి ఆయన వైద్యం వదల్లేదు. 1957లో కర్నూలు మెడికల్ కాలేజీకి ప్రొఫెసర్‌గా వెళ్ళారు. 1968లో పదవీ విరమణ చేసేదాకా విద్యార్థులకు పాఠాలు, రోగులకు మందులు. కర్నూలులోనే స్థిరపడిపోయారు. సంగీతానికి పేరున్న ఊరు కాదది, అయినా పాట కోసం జనం అక్కడికి వెళ్ళారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రెండు పడవల ప్రయాణానికి ఖరీదు ఉంటుంది. రష్యాలో బొరోదిన్ అని ఒకాయన ఉండేవారు. ఆయనా వైద్య విద్యాలయంలో రసాయన శాస్త్రం బోధిస్తూనే సంగీతం రాశారు. 1887లో పోయేనాటికి ఆయన ప్రిన్స్ ఇగోర్ ఒపెరా సగంలోనే ఉండిపోయింది, స్నేహితులు పూర్తిచేశారు. పినాకపాణి గారు కచేరీ విద్వాంసుడిగా ఊరూరా తిరగలేదు. ఆయన తరంలో వేదికలెక్కిన వారి రికార్డులు గుట్టలుగా దొరుకుతాయి, ఈయనవి వెతుక్కోవాలి. జనం నోట ఆయన పేరు ఆ స్థాయిలో నానకపోవడానికి కారణం అదే. ఇంకోవైపు, ఇల్లు గడవడానికి జీతం ఉంది కాబట్టి పాటను అమ్ముకోవలసిన పని పడలేదు. తనకు నచ్చిన పద్ధతి కోసం ఎవరినీ మెప్పించనక్కరలేదు. శిష్యులకు డబ్బు తీసుకోకుండా నేర్పగలిగారు. కచేరీల సంపాదన మీద బతికే విద్వాంసుడికి ఇంత తీరిక, ఇంత స్వేచ్ఛ ఉండేవా అన్నది నా అనుమానం.

ఆ శిష్యుల పేర్లు చూడండి. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం. మన అమ్మమ్మల కాలంలో రేడియోలో పొద్దున్నే వినిపించిన గొంతులు ఇవే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడగా మన ఇళ్ళలో ఇప్పటికీ మోగే అన్నమయ్య పాటల్లో కొన్నిటికి బాణీ కట్టింది నేదునూరి గారు. అంటే డాక్టరు గారి పేరు ఎప్పుడూ వినని ఇంట్లో కూడా ఆయన పాఠం ఏదో ఒక మూల వినిపిస్తూనే ఉంది.

1983లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఏ ఊరి కచేరీలు విని రాసుకున్నారో ఆ ఊరే, జీవితమంతా మెడిసిన్ ప్రొఫెసర్‌గా పనిచేసిన తెలుగు మనిషిని పిలిచి పెద్దపీట వేసింది. మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది. సంగీతానికే సుమా, వైద్యానికి కాదు.

2013 మార్చి 11న కర్నూలులో కన్నుమూశారు. నూరేళ్ళు నిండడానికి ఐదు నెలలు తక్కువ. శిష్యుల్లో ఓలేటి గారు, గోపాలరత్నం గారు ఆయన కళ్ళముందే వెళ్ళిపోయారు. అదే ఏడాది నూకల గారు, 2014 డిసెంబరులో నేదునూరి గారు ఆయన వెనకే వెళ్ళారు. మల్లాది సోదరులు శ్రీరామప్రసాద్, రవికుమార్ ఆయన దగ్గర నేర్చుకున్న కీర్తనలను ఇప్పటికీ పాడుతున్నారు. ఈ వారాంతం వాళ్ళ తోడి ఒకటి పెట్టుకుని, ఆ గాంధారం దగ్గర పిల్లల్ని ఒక్క క్షణం ఆగి వినమనండి.