కంపోజిటర్, సరంగు, అప్పులవాడు... మార్క్ ట్వేన్

కాలేజీ బస్సులో గంటన్నర కూర్చోవాల్సిన వాళ్లు ఈ వారం పాటలు పక్కన పెట్టి ‘ద ప్రిన్స్ అండ్ ద పాపర్’ ఆడియోబుక్ విని చూడండి. 1547 నాటి లండన్. ఎనిమిదో హెన్రీ కొడుకు ఎడ్వర్డ్, మురికివాడ పిల్లాడు టామ్ కాంటీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. సరదాగా బట్టలు మార్చుకుంటారు. ఇంకేముంది, అసలు యువరాజుని కాపలావాళ్లు గేటు బయటికి నెట్టేస్తారు, బిచ్చమెత్తే పిల్లాడు సింహాసనం దాకా వెళ్తాడు. రాజముద్ర ఎక్కడుందో తెలీక దర్బారంతా తల పట్టుకునే చోట మీ స్టాప్ దాటిపోతే నా పూచీ లేదు.

ఈ కథ మనకి కొత్త కాదు. 1954లో ఎన్టీఆర్ నటించిన ‘రాజు పేద’ సినిమాకి మూలం ఇదే. నవలని నండూరి రామమోహనరావు గారు తెలుగులోకి తెచ్చారు కూడా. కానీ రాసినాయన బతుకులో మలుపులు ఇంకా ఎక్కువ. ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూస్తున్న మీకు అవి తెలియాలి.

అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో అమెరికాలోని మిస్సోరీలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. చదువు అక్కడితో దాదాపు ఆగిపోయింది, ప్రింటింగ్ ప్రెస్‌లో చేరారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చే పని. పద్దెనిమిదేళ్లు రాకముందే ఊరు వదిలి సెయింట్ లూయిస్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో అదే పని చేశారు. సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవారు.

తర్వాత మిసిసిపీ నది మీద స్టీమర్ సరంగు కావాలనుకున్నారు. హొరేస్ బిక్స్‌బీ అనే సీనియర్ 500 డాలర్లకి నేర్పడానికి ఒప్పుకున్నాడు. మలుపులు, ఇసుక మేటలు, మునిగిన చెట్లు, అన్నీ కంఠతా రావాలి. పైగా ప్రతి వరదకీ నది తన సిలబస్ మార్చేస్తుంది! రెండేళ్లు కష్టపడితే 1859లో లైసెన్స్ వచ్చింది. మంచి జీతం, ఊళ్లో మర్యాద. సరిగ్గా రెండేళ్లకి, 1861లో అంతర్యుద్ధం మొదలై నది మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆయన తప్పు లేదు, పనితనం తగ్గలేదు, ఉద్యోగమే మాయమైంది.

నెవాడా వెళ్లి వెండి గనుల్లో అదృష్టం వెతికారు, దొరకలేదు. బతకడానికి 1862లో ఓ పత్రికలో విలేకరిగా చేరారు. మరుసటి ఏడాది ‘మార్క్ ట్వేన్’ పేరు పెట్టుకున్నారు. నీటి లోతు కొలిచేవాడు సరంగుకి వేసే కేక అది: పన్నెండు అడుగుల లోతుంది, పడవ వెళ్లొచ్చు అని. పోయిన ఉద్యోగంలోంచి పేరొక్కటి వెంట తెచ్చుకున్నారన్నమాట. టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలన్నీ ఆ నది ఒడ్డువే.

ఇక ఇంజినీరింగ్ వాళ్లు శ్రద్ధగా చదవాల్సిన భాగం. పుస్తకాలతో వచ్చిన డబ్బుని ట్వేన్ ఓ మెషీన్లో పోశారు. జేమ్స్ పేజ్ అనే ఆయన తయారు చేస్తున్న టైప్‌సెట్టింగ్ యంత్రం అది. దాదాపు 18,000 విడిభాగాలు. పనిచేస్తే అద్భుతం, కానీ మాటిమాటికీ ఆగిపోయేది. కంపోజిటర్ చేతి పనినే, అంటే అక్షరం తీయడం, పేర్చడం, అచ్చయ్యాక మళ్లీ గళ్లలో సర్దడం, ఇదంతా ఉన్నదున్నట్టు యంత్రంతో చేయించాలని పేజ్ పట్టుబట్టాడు. అటు మెర్గెంథాలర్ లైనోటైప్ సీసం కరిగించి లైను మొత్తం కొత్తగా పోతపోసి, అచ్చయ్యాక మళ్లీ కరిగించేసేది. సర్దే పనే లేదు. 1886కల్లా అది న్యూయార్క్‌లో ఓ దినపత్రికకి పనిచేస్తోంది. ట్వేన్ మాత్రం 1894 దాకా పేజ్‌ని నమ్మారు. పోయింది సుమారు 3 లక్షల డాలర్లు. చిన్నప్పుడు తాను చేసిన పనే కాబట్టి ఆ యంత్రం విలువ తనకంటే ఎవరికి తెలుసనుకున్నారేమో అని నాకనిపిస్తుంది.

అదే ఏడాది ఆయన సొంత ప్రచురణ సంస్థ దివాలా తీసింది. మన భాషలో ఐపీ పెట్టారు. చట్టప్రకారం చేతులు దులుపుకుని కూర్చోవచ్చు. ట్వేన్, భార్య ఒలీవియా అణాపైసలతో సహా తీర్చాలనే నిర్ణయించుకున్నారు. స్టాండర్డ్ ఆయిల్‌కి చెందిన హెన్రీ రోజర్స్ లెక్కలు చక్కబెట్టారు. డబ్బు సంపాదించే దారి ఒక్కటే మిగిలింది, స్టేజీ ఎక్కి కథలు చెప్పడం. 1895లో, 59 ఏళ్ల వయసులో, కాలి మీద సెగగడ్డతోనే ప్రపంచ యాత్ర మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సిలోన్ మీదుగా 1896 జనవరిలో బొంబాయి చేరారు. బనారస్, కలకత్తా, లాహోర్ తిరిగి, వెళ్తూ మన మద్రాసు రేవులో ఒక్కరోజు ఆగారు.

యాత్ర ముగించి ఇంగ్లండ్‌లో ఉండగా టెలిగ్రామ్ వచ్చింది. అమెరికాలో వదిలి వచ్చిన పెద్దమ్మాయి సూసీ, 24 ఏళ్లది, మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) చనిపోయింది. ‘ప్రిన్స్ అండ్ పాపర్’ని అంకితమిచ్చింది ఆ అమ్మాయికీ చెల్లెలు క్లారాకే. ఇంట్లో దాన్ని నాటకంగా వేసినప్పుడు యువరాజు వేషం సూసీదే. కడచూపు కూడా ఆయనకి దక్కలేదు.

ఆ దుఃఖంలోనే యాత్ర పుస్తకం పూర్తి చేశారు. 1898కి బాకీలన్నీ తీరాయి. ఇక బుద్ధొచ్చిందనుకుంటారా? ప్లాస్మన్ అనే పాలపొడి కంపెనీలో మళ్లీ డబ్బు పెట్టారు, మళ్లీ పోయింది!

ఆయన 1910లో చనిపోయారు. ఆడియోబుక్ వినేవాళ్లకి ఇంకో సంగతి. 1891లో చెయ్యి నొప్పితో రాయలేక, ట్వేన్ ఫోనోగ్రాఫ్ అద్దెకి తెచ్చి ‘ద అమెరికన్ క్లెయిమెంట్’ నవలని దాంట్లోకి చెప్పారు. అందులోనూ ఓ ప్రభువు కొడుకు వేరేవాడి బట్టల్లో, వేరే పేరుతో బతుకుతాడు. నాలుగు డజన్ల మైనపు సిలిండర్లు నింపాక, ఇది తన వల్ల కాదని వదిలేశారు. ఆ సిలిండర్లలో ఒక్కటీ మిగల్లేదు. ఊరూరా మాట్లాడి అప్పు తీర్చిన మనిషి గొంతు ఇవాళ ఎక్కడా లేదు. లిబ్రివాక్స్‌లో ‘ప్రిన్స్ అండ్ పాపర్’ ఉచితంగా దొరుకుతుంది, వలంటీర్ల గొంతులో.